లీటర్ ఫ్లాస్కు నుంచి వెయ్యి లీటర్ల రియాక్టర్‌కి

ప్రశ్న: అన్నా, ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి ఒక చిన్న కాంట్రాక్ట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీల ప్రొడక్షన్ కెమిస్ట్‌గా చేస్తున్న. కస్టమర్ ఒక ఇంటర్మీడియట్‌కి (ఫైనల్ ప్రొడక్ట్ కంటే ముందు తయారయ్యే కెమికల్) ప్రాసెస్ ఇచ్చిండు, అందుల సోడియం హైడ్రైడ్ (నీళ్ళు తగిలితే అంటుకునే బేస్), సాల్వెంటేమో డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్). ఆర్ అండ్ డీల లీటర్ ఫ్లాస్కుల మంచిగనే వచ్చింది, వచ్చే నెల డైరెక్ట్ వెయ్యి లీటర్ల రియాక్టర్ల పెట్టమంటున్నరు. సేఫ్టీ టెస్టింగ్ అడిగితే టైం లేదంటున్నరు. నేనే ఎక్కువ భయపడుతున్ననా?
(ఒక కెమిస్ట్, జీడిమెట్ల)

జవాబు: లేదు తమ్ముడూ, భయపడాల్సిన చోటే భయపడుతున్నావ్. అసలు ఆ రెండూ కలిపి పెద్ద స్కేల్లో వాడటమే వద్దు. సోడియం హైడ్రైడ్ ఉంటే డీఎంఎఫ్ కూడా దాంతో రియాక్టయి విడిపోతుంది, వేడి వస్తుంది, గ్యాస్ వస్తుంది, ఆ వేడికి ఇంకా స్పీడందుకుంటుంది, ఒక టెంపరేచర్ దాటాక ఎవరూ ఆపలేరు. సాల్వెంట్ మార్చి టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్)లో అవుతుందా, బేస్ మార్చి పొటాషియం టెర్షియరీ బ్యూటాక్సైడ్‌తో అవుతుందా చూడమని ఆర్ అండ్ డీ వాళ్ళని అడుగు. కస్టమర్ ఇచ్చిన రూట్ మార్చమని ఎలా అడుగుతాం అంటారు గానీ రియాక్టర్ మ్యాన్‌హోల్ (సరుకు వేసే మూత) దగ్గర నిలబడేది కస్టమర్ కాదు కదా, మీ హెల్పర్లు.

ఫ్లాస్కులో బానే వచ్చింది అన్న మాటకి విలువ ఎంతో లెక్క చూడు. లీటర్ నుంచి వెయ్యి లీటర్లంటే పుట్టే వేడి 1000 రెట్లు, దాన్ని లాగే గోడ వైశాల్యం మాత్రం దాదాపు 100 రెట్లే, అంటే కూలింగ్ పదో వంతుకి పడిపోయినట్టు. పైగా భయంతో బాగా చల్లగా పెట్టి రెండో రియాజెంట్ పోస్తుంటారు, అదింకా ప్రమాదం, రియాక్షన్ మొదలవ్వక సరుకంతా లోపల పోగై ఒక్కసారి అందుకుంటుంది. పోసిన కొద్దీ అయిపోతుండాలి, పోయడం ఆపితే వేడి ఆగిపోవాలి, అది రియాక్షన్ కెలోరీమీటర్ (రియాక్షన్‌లో వేడి ఎప్పుడు ఎంతొస్తుందో కొలిచే మెషీన్) మీద పెడితేనే తెలుస్తుంది. ఇంకోటి, 60 శాతం సోడియం హైడ్రైడ్ (మిగతాది నూనె) కిలో నుంచి సుమారు 600 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది, మీ వెంట్ లైన్ (గ్యాస్ బయటికి పోయే పైపు) అంత తీసుకుంటుందా, గాలి కలవకుండా లోపల నింపే నైట్రోజన్ ఉందా కనుక్కో. మంటొస్తే నీళ్ళు కొట్టొద్దు, సీఓటూ కూడా వద్దు, పొడి ఇసుక దగ్గర పెట్టుకోవాలి.

టైం లేదనే మేనేజర్‌కి అమెరికాలో, ఫ్లోరిడాలోని టీ2 ల్యాబొరేటరీస్ సంగతి చెప్పు. అక్కడ కూడా సోడియంతో పనే, 174 బ్యాచులు దాటేశారు, 2007 డిసెంబర్ 19న 175వ బ్యాచ్‌లో కూలింగ్ ఫెయిలై రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. కూలింగ్‌కి బ్యాకప్ లేదు, ఎక్కువ వేడిలో ఇంకో రియాక్షన్ మొదలవుతుందని వాళ్ళకి తెలీనే తెలీదు. ఇన్ని బ్యాచులు మంచిగొచ్చినయ్ అన్నది ప్రూఫ్ కాదు.

టెస్టింగ్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది, అక్కడ అడగండి. నువ్వు మాత్రం నోటితో అడిగి ఊరుకోకు, మెయిల్‌లో పెట్టు, సేఫ్టీ ఆఫీసర్‌కి కాపీ పెట్టు. హీట్ డేటా వచ్చేదాకా ఆ బ్యాచ్ రికార్డ్ మీద సంతకం పెట్టకు. రాత్రి రెండింటికి కరెంట్ పోతే బ్రైన్ పంపు (రియాక్టర్‌ని చల్లబరిచే ఉప్పునీళ్ళ పంపు), స్టిర్రర్ రెండూ డీజీ (డీజిల్ జనరేటర్) మీద నడుస్తాయా లేదా అన్నది ఈ వారమే స్విచ్ ఆపి చూపించమని అడుగు.