టిమ్ హోవర్డ్ అంటే బెల్జియం మ్యాచ్ ఒక్కటేనా?

"2014 వరల్డ్‌కప్‌లో బెల్జియంతో ఆడిన ఆ ఒక్క మ్యాచ్ తీసేస్తే, అమెరికా గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్ కెరీర్‌లో ఏముంది?" అని అడిగారు. నాకూ ఆయన తెలిసింది ఆ మ్యాచ్‌తోనే. కానీ ఇప్పుడు నన్నడిగితే ముందు వేరేవి చెప్తాను.

మేముండేది న్యూజెర్సీలో, ఆయన పెరిగిన నార్త్ బ్రన్స్‌విక్‌కి దగ్గర్లో. మా బాబుకి ఏడో ఏట కళ్లు టపటపా కొట్టుకోవడం, భుజం ఎగరెయ్యడం మొదలైంది. అత్తయ్యగారు దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసేవారు. నేనేమో అల్లరనుకుని "ఆపరా" అని కసిరేదాన్ని. అది టూరెట్ సిండ్రోమ్ అనే నరాల సమస్య అని, వాడు కావాలని చేస్తున్నది కాదని న్యూరాలజిస్ట్ చెప్పేసరికి ఏడాది గడిచింది. ఆ ఏడాది నేనన్న మాటలు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటాయి.

హోవర్డ్‌కీ చిన్నప్పటి నుంచి అదే సమస్య. 2003లో అమెరికా క్లబ్బు మెట్రోస్టార్స్ నుంచి ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్తుంటే ఇంగ్లండ్ పత్రికలు కొన్ని ఆయన ఆట వదిలేసి జబ్బు గురించి రాశాయి. అయినా మొదటి సీజన్‌లో చాలా వరకు బాగా ఆడాడు. తర్వాత 2004 మార్చిలో పోర్చుగల్ క్లబ్బు పోర్టోతో ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) మ్యాచ్. ఆఖరి నిమిషంలో ఫ్రీకిక్ ఆపాడు కానీ బంతి చేతికి చిక్కలేదు, ముందుకు పడింది. పోర్టో ఆటగాడు కొస్టీన్యా దాన్ని గోల్ చేశాడు, యునైటెడ్ టోర్నీ నుంచి ఇంటికెళ్లింది. అక్కడి నుంచి ఆయన చోటు ఖాయం కాకుండా పోయింది. ఆ ఏడు ఇంగ్లండ్ క్లబ్బుల ఎఫ్ఏ కప్ మెడల్ వచ్చినా, మరుసటి ఏడాది ఇంకో గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ రావడంతో బెంచీకే పరిమితమయ్యాడు.

నా దృష్టిలో అసలు కెరీర్ ఆ తర్వాతే. 2006లో లోన్ మీద (అంటే ముందు తాత్కాలికంగా) ఇంకో ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్‌కి వెళ్లి పదేళ్లు నిలిచాడు, 400కి పైగా మ్యాచ్‌లు. పెద్దగా డబ్బులేని క్లబ్బులో ప్రతి శనివారం అదే గోల్ ముందు నిలబడటం! 2009 ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో తనని వద్దనుకున్న యునైటెడ్ మీదే బెర్బటోవ్, ఫెర్డినాండ్ కిక్‌లు రెండూ ఆపాడు. ఆ ఏడే దేశాల టోర్నీ కాన్ఫెడరేషన్స్ కప్‌లో 35 మ్యాచ్‌లుగా ఓటమెరుగని స్పెయిన్‌ని అమెరికా 2-0తో ఓడించినప్పుడూ గోల్‌లో ఉన్నది ఆయనే. 2010 వరల్డ్‌కప్‌లో అల్జీరియా మీద అమెరికా ఆటగాడు డోనొవన్ చివర్లో కొట్టిన గోల్ అందరికీ గుర్తు. దానికి మూలం హోవర్డ్ బంతి పట్టుకుని అప్పటికప్పుడు ముందుకు విసిరిన విసురు.

ఇక బెల్జియం. 2014 జూలై 1, మంగళవారం. మావారు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశారు, బాబుకి సెలవులు. 90 నిమిషాలు ఒక్క గోల్ పోనివ్వలేదు, కాలితో, మోకాలితో, వేలికొసలతో ఆపుతూనే ఉన్నాడు. ఎక్స్‌ట్రా టైంలో డి బ్రూయ్‌నా కొట్టాడు, తర్వాత ఎవర్టన్‌లో తనతో ఆడిన లుకాకు కొట్టాడు. 2-1తో ఓడిపోయారు. ఆ రోజు 16 సేవ్‌లు (గోల్ కాకుండా ఆపినవి) అన్నారు, తర్వాత 15 అని సవరించారు. ఏ లెక్కన చూసినా, 1966 నుంచి ఉన్న లెక్కల ప్రకారం వరల్డ్‌కప్ మ్యాచ్‌లో అప్పటికి అదే రికార్డు. మధ్యలో కామెంటరీలో టూరెట్ మాట వినిపించింది. మా వాడు సోఫా మీంచి దిగి టీవీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. "అమ్మా, ఆయనకీ ఉందా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేక తల ఊపాను.

ఆయన టూరెట్‌కి మందులు వాడనని చెప్పాడు. అది ఆయన నిర్ణయం, మేము మాత్రం డాక్టరు చెప్పినట్టే చేశాం. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ఆయన్ని చూసి మందులు మానెయ్యకూడదు.

మీరు పాత మ్యాచ్‌లు చూడాలనుకుంటే బెల్జియం కంటే ముందు 2009 షూటౌట్ చూడండి. తర్వాత ఎవర్టన్ మ్యాచ్ ఏదైనా పెట్టుకోండి. బంతి దూరంగా ఉన్నప్పుడు టిక్స్ (తన ప్రమేయం లేకుండా వచ్చే కదలికలు) వస్తాయని, దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాయని ఆయనే చెప్పాడు. అందుకే బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు కెమెరా ఆయన మీదకి వస్తే భుజాలు, మెడ చూడండి. బంతి ఇటు తిరిగాక మళ్లీ చూడండి. మా ఇంట్లో ఇప్పటికీ అలాగే చూస్తాం.