షాపు తెరిచే ముందు ప్రింటరు అడ్రసు సంగతి చూడు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ రాత్రి ఫోను చేసింది. తెనాలిలో తహసీల్దారు కార్యాలయం ఎదురుగా గది అద్దెకు తీసుకున్నావనీ, జిరాక్సు, ప్రింటింగు, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ నువ్వే చూసుకుంటావనీ చెప్పింది. అడ్వాన్సు కోసం గొలుసు తాకట్టు పెట్టావన్న మాట దగ్గర మాత్రం గొంతు తగ్గించింది, నాకు కోపం వస్తుందని. వచ్చింది కూడా. నన్ను ఒక్క మాట అడిగితే ఆ డబ్బు నేను సర్దేదాన్ని కాదా? ఆ రశీదు ఫొటో తీసి నాకు పంపు, వడ్డీ సంగతి తర్వాత తేలుద్దాం. అయినా ఫోను పెట్టేశాక మీ పెదనాన్నతో "మన పిల్ల సొంతంగా షాపు పెడుతోంది" అని పక్క వాటా వాళ్లకు కూడా వినపడేలా చెప్పాను. వాళ్లకు వినపడాలనే చెప్పాను.

అద్దె కాగితాలు, కరెంటు మీటరు, బోర్డు మీద అక్షరాలు, వీటన్నిటికీ మీ నాన్నగారు ఉన్నారు. నేను రాసేది ప్రింటర్ల గురించి. పాతవి రెండు కొన్నావట, ఒకటి పెద్ద జిరాక్సు యంత్రం, ఒకటి మామూలు లేజరు ప్రింటరు. మూడు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద నడుస్తాయట. "ప్రింటరు దానంతటదే కనిపిస్తుంది, చిటికెలో పని" అన్నావట. ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు నిద్ర పట్టలేదు.

ప్రింటరు ఐపీ అడ్రసు, అంటే కంప్యూటర్లు దాన్ని నెట్‌వర్కులో వెతికి పట్టుకునే అంకె, తెలుసుకోవడం నిజంగానే చిటికెలో పని. తెర ఉన్న యంత్రమైతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అన్నచోట ఉంటుంది. తెర లేని చిన్న యంత్రాల్లో చాలావాటికి ఏదో ఒక మీట కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే కాన్ఫిగరేషన్ పేజీ అని ఒక కాగితం అచ్చవుతుంది. ఏ మీట అన్నది మోడలును బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకో. మధ్యలో చుక్కలతో నాలుగు అంకెలు, ఏ అంకే 255 దాటదు, అదీ ఐపీ అడ్రసు. దాని దగ్గర్లోనే మ్యాక్ అడ్రసు అని పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి. అది యంత్రానికి కంపెనీలోనే పడిన గుర్తు. ఆ కాగితం పారెయ్యకు, మ్యాక్ అడ్రసుతో పని పడుతుంది.

ఐపీ అడ్రసు 169.254తో మొదలైతే అది నిజమైన అడ్రసు కాదు. రౌటరు, అంటే వైఫై ఇచ్చే నెట్ బాక్సు, ఏ అడ్రసూ ఇవ్వలేదు కాబట్టి యంత్రం తనకు తాను ఏదో ఒకటి పెట్టుకుందని అర్థం. కేబులు చూడు, వైఫై పాస్‌వర్డు చూడు. అన్నీ సున్నాలు ఉంటే అసలు నెట్‌వర్కులోకే రాలేదన్నమాట. నువ్వు కొన్నవి పాతవి కాబట్టి ఇంకో చిక్కు కూడా ఉండొచ్చు. ముందు యజమాని తన ఆఫీసుకు సరిపోయే అడ్రసు ఏదో అందులో పెట్టి, తియ్యకుండానే అమ్మేసి ఉండొచ్చు. అప్పుడు యంత్రం వెలుగుతుంది, కాగితం లాగుతుంది, జిరాక్సు తీస్తుంది, నీ కంప్యూటరుకు మాత్రం దొరకదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఒకసారి మొదటికి తిప్పి, ఆ తర్వాతే పని మొదలుపెట్టు. ఇంకొకటి, చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే పడుతుంది. కొన్ని రౌటర్లలో 5 గిగాహెర్ట్‌జ్‌కు వేరే పేరు పెడతారు, ఆ పేరు ప్రింటరు తెర మీద ఎంత వెతికినా కనిపించదు.

ఇక నా నిద్ర పాడుచేసిన సంగతి.

నేను పరీక్షల విభాగంలో పనిచేసిన కళాశాలల్లో ఒకదాని పేరు ఇక్కడ రాయను. కింద మా గదిలో ఒక లేజరు ప్రింటరు, పై అంతస్తులో గ్రంథాలయంలో అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉండేవి. ఒకే మోడలు, ఒకే బిల్లు మీద కొన్నవి. వాటిని అమర్చడానికి వచ్చిన కుర్రాడు మా ప్రింటరు అడ్రసు చూసి, 192.168.1.23 అని కంప్యూటరులో ఎక్కించి, అదే అంకె పసుపు చీటీ మీద రాసి మానిటరుకు అంటించి వెళ్లిపోయాడు. నెలల తరబడి ఏ ఇబ్బందీ రాలేదు. ఆఫీసులో అందరూ ఆ అంకె ప్రింటరుకు పుట్టుకతో వచ్చిందనుకున్నారు.

అది పుట్టుకతో వచ్చేది కాదు బుజ్జీ. సత్రంలో గుమస్తా వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఖాళీగా ఉన్న గది తాళం చేతిలో పెడతాడు చూడు, రౌటరూ అంతే. ఎవరు ముందు అడిగితే వాళ్లకు ఏదో ఒక అంకె కొన్నాళ్లకని ఇస్తుంది. గడువు తీరేలోగా మళ్లీ అడిగితే అదే అంకె పొడిగిస్తుంది. అందుకే నెలల తరబడి మారనట్టే ఉంటుంది. కానీ చవక రకం రౌటర్లలో కొన్ని కరెంటు పోయి వస్తే ఎవరికి ఏది ఇచ్చాయో మరిచిపోతాయి.

ఒక రాత్రి గాలివాన వచ్చి తెల్లవార్లూ కరెంటు లేదు. పొద్దున గ్రంథాలయం ముందు తెరిచారు, వాళ్ల ప్రింటరు ముందు వేశారు. 23 దానికి దక్కింది. మాది తర్వాత లేచి ఇంకేదో అంకె తీసుకుంది. మధ్యాహ్నం మిడ్ పరీక్ష. పరీక్షల అధికారి ప్రశ్నపత్రం తెరిచి, అరవై కాపీలు అని కొట్టి, ప్రింటు నొక్కారు. రెండూ ఒకే మోడలు కదా, ఏ పొరపాటూ చూపించకుండా అయిపోయిందని తెర మీద వచ్చింది. మా ట్రేలో ఒక్క కాగితమూ లేదు. కాగితాలు సర్ది, మూత తీసి వేసి, మళ్లీ నొక్కారు.

పైన గ్రంథాలయం అటెండరు చదివింది ఐదో తరగతి. పేజీ నెత్తిన కళాశాల ముద్ర, పరీక్ష పేరు కనపడగానే భుజం మీది తువ్వాలు తీసి ట్రే మీద కప్పాడట. ప్రింటరు వెనక ప్లగ్గు పీకాడట. యంత్రానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, కిందికి కబురు పంపి, మా అధికారి వచ్చేదాకా కదలలేదట. అప్పటికే పక్క బల్ల దగ్గర ఇద్దరు విద్యార్థులు పేపరు చదువుకుంటున్నారు. వాళ్లు చూశారో లేదో ఎవరూ తేల్చలేకపోయారు. పత్రం మార్చాల్సి వచ్చింది, పరీక్ష ఆలస్యమైంది. ఆ తర్వాత మొదటి మెమో ఎవరికి ఇచ్చారనుకున్నావు? ఆ అటెండరుకే. అనుమతి లేకుండా ప్రింటరు ఎందుకు ఆపావని! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ కాగితాలను కాపాడినవాడు అతనొక్కడే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రశ్నపత్రాలు స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ మీద తిప్పేవాళ్లం. గోళ్లలో సిరా వారం దాకా పోయేది కాదు, అన్నం తింటుంటే మీ అమ్మమ్మ తిట్టేది. పని అయ్యాక స్టెన్సిలూ, పాడైన కాగితాలూ మా సూపరింటెండెంటు ఎదుట పెరట్లో కాల్చాలి. బూడిద కూడా కర్రతో కలిపించేవారు. అప్పుడు చాదస్తం అనుకునేదాన్ని.

నీ దగ్గర ప్రశ్నపత్రాలు ఉండవు, నిజమే. కానీ తహసీల్దారు కార్యాలయం ఎదుట షాపు అంటే ఏమొస్తాయో నాకు తెలియదా? ఆధార్ కార్డులు, పాసు పుస్తకాలు, కులం సర్టిఫికెట్లు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు. ఒకడి పత్రం పక్కవాడి చేతిలో పడితే ఊళ్లో ఎంత గొడవో!

అందుకని రెండు ప్రింటర్లకూ అడ్రసు స్థిరంగా కట్టెయ్యి. బ్రౌజరులో రౌటరు అడ్రసు కొడితే దాని పేజీ వస్తుంది. చాలావాటికి అది 192.168.1.1 లేదా 192.168.0.1, కొన్ని ఫైబరు బాక్సులకు 192.168.29.1. అందులో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనో, అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది. అక్కడ ప్రింటరు మ్యాక్ అడ్రసు ఇచ్చి, ఈ యంత్రానికి ఎప్పుడూ ఇదే అంకె ఇవ్వాలని చెప్పు. ఇక కరెంటు పోయినా, ఎవరు ముందు లేచినా, ఆ అంకె ఇంకొకరికి పోదు.

నీ రౌటరులో ఆ సదుపాయం లేకపోతే ప్రింటరులోనే మాన్యువల్‌గా పెట్టు. కానీ రౌటరు పంచే వరుసలోని అంకె మాత్రం పెట్టకు. అది చివరి అంకెగా 100 నుంచి 199 దాకా పంచుతుంటే నువ్వు 50 పెట్టుకో, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0, గేట్‌వే దగ్గర రౌటరు అడ్రసు. ఆ వరుసలో అంకె పెడితే ఏదో ఒకరోజు ఎవరి ఫోనుకో అదే అంకె వెళ్తుంది, ఇద్దరూ కొట్టుకుంటారు, ప్రింటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఆ జబ్బు పట్టుకోవడం మహా కష్టం. నెట్ కంపెనీ మార్చి కొత్త బాక్సు పెట్టించుకున్న రోజున ఇదంతా మళ్లీ చెయ్యాలి, అది గుర్తుంచుకో.

కంప్యూటర్లలో ప్రింటరును దానంతటదే దొరికింది కదా అని వదిలెయ్యకు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అన్నచోట డబ్ల్యూఎస్‌డీ (విండోస్ తానే వెతికి కలుపుకున్న దారి) అని ఉంటే ఏ అడ్రసుకు పోతోందో అక్కడ కనిపించదు. ఐపీ అడ్రసుతో ప్రింటరు కలుపుకునే దారి విండోస్‌లోనే ఉంది, టీసీపీ/ఐపీ పోర్టు ఎంచుకుని అంకె నువ్వే కొట్టు. తర్వాత కమాండ్ ప్రాంప్టులో పింగ్ అని కొట్టి ఆ అంకె ఇస్తే జవాబు రావాలి. అది కూడా పూర్తి రుజువు కాదు, జవాబిచ్చింది నీ ప్రింటరేనో కాదో పింగ్ చెప్పదు. అదే అంకె బ్రౌజరులో కొట్టి చూడు. ప్రింటరు సొంత పేజీ తెరుచుకుని మోడలు పేరు, చాలావాటిలో సీరియల్ నంబరు కూడా చూపిస్తుంది. యంత్రం వెనక అంటించిన నంబరుతో సరిచూడు. "కనెక్షన్ సురక్షితం కాదు" అని బ్రౌజరు బెదిరించొచ్చు. నీ షాపులోని నీ యంత్రం, అడ్రసు కొట్టింది నువ్వు, కాబట్టి పరవాలేదు. బయటి వెబ్‌సైట్లలో మాత్రం ఆ ధైర్యం చెయ్యకు.

ఆ పేజీకి పాస్‌వర్డు పెట్టు. ఈరోజే పెట్టు, ప్రారంభం రోజు దాకా ఆగకు. వచ్చినవాళ్లు "మేడమ్, వైఫై ఇస్తారా" అంటారు. గెస్ట్ వైఫై అని వేరే పెట్టి అది ఇవ్వు. సాధారణంగా అందులో ఉన్నవాళ్లకు నీ ప్రింటర్లు అందవు. పొరపాటున నీ ఫోను కూడా అందులో ఉంటే నీకూ అందవు, అప్పుడు ప్రింటరు పాడైందని కంగారు పడకు.

ఇంటినుంచి కూడా ప్రింటు ఇవ్వొచ్చు, రౌటరులో 9100 పోర్టు తెరుస్తానని ఎవరైనా అంటే వద్దని చెప్పు. ప్రింటర్లు పని అందుకునే పోర్టు అది, బయటికి తెరిస్తే లోకంలో ఎవరైనా నీ కాగితం మీద అచ్చు వెయ్యొచ్చు. 2018లో ఒకడు అలా తెరిచి ఉన్న ప్రింటర్లు వెతికి, ఒక యూట్యూబ్ ఛానలుకు ప్రచారం చేసే కాగితాలు వేల ప్రింటర్లలో అచ్చు వేయించాడు. వాడికి అది సరదా. 2010లో అమెరికాలో సీబీఎస్ వార్తా సంస్థ వాళ్లు వాడేసిన జిరాక్సు యంత్రాలు కొని, లోపలి హార్డ్ డిస్కులు తెరిపిస్తే పోలీసుల పత్రాలు కూడా బయటపడ్డాయి. నీ పెద్ద యంత్రంలోనూ డిస్కు ఉందేమో చూడు. ఉంటే ముందువాళ్లది తుడిచెయ్యి, ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే నీదీ తుడిచి అమ్ము. ఎవరూ తీసుకెళ్లని ప్రింట్లు సాయంత్రం చింపెయ్యి, వాట్సాప్‌లో వచ్చినవి తీసెయ్యి. ఇంకా చాదస్తం అంటావా, అను.

ఇంత రాస్తే నీకు చేతకాదని అనుకుంటున్నానని బాధపడకు. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో విప్పి, మళ్లీ బిగించి, మిగిలిన మర ఒకటి గుప్పిట్లో దాచుకుని నిలబడ్డావు. రేడియో మాత్రం పలికింది. నీకు చేతనవుతుందనే నాకు భయం. చేతనైనవాళ్లే చిటికెలో పని అంటారు.

మీ అమ్మను కాగితాల పెట్టెలు ఎత్తనివ్వకు, దాని నడుము సంగతి నీకు తెలుసు. నెట్ బాక్సు బిగించడానికి ఏ రోజు వస్తారో ముందే చెప్పు. ఆ పూట ఫోను చేతిలోనే పెట్టుకుంటాను, వాళ్లు వెళ్లిపోయేలోగా నన్ను అడగాల్సినవి అడుగు.

ఇట్లు,
మీ పెద్దమ్మ