బేస్‌మెంట్‌లో చెమ్మ: కొటేషన్ మీద సంతకం పెట్టేముందు

సందేహం: న్యూజెర్సీ సౌత్ బ్రన్స్‌విక్‌లో ఈ మధ్యే ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్ అంతా ముక్కిన వాసన, ఒక మూల గోడ తడిగా ఉంటోంది. వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ మనిషి వచ్చి చూశాడు. లోపల చుట్టూ తవ్వి డ్రెయిన్ వేయాలి, 14,000 డాలర్లవుతుంది, ఇవాళే సంతకం పెడితే 15 శాతం తగ్గిస్తా అన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 15 శాతం ఎక్కడికీ పోదు, వచ్చే నెల అడిగినా ఇస్తాడు. డౌన్ పేమెంట్ కట్టి చేతులు దులుపుకున్న కొత్త ఇంటివాళ్ళంటే వీళ్ళకి పండగ. ముందు మంచి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరిగి రండి. మనవాళ్ళు ఇది తప్ప అన్నీ చేస్తారు.

నేనూ అంతే లెండి. 2003లో ఎడిసన్‌లో కొన్నాం. గోడ మీద తెల్లగా ఉప్పులాంటి పొడి కనిపిస్తే గోకేసి, వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండు కోటింగులు కొట్టించాను. కాంక్రీట్‌లోంచి నీళ్ళు ఊరి, లోపలి లవణాలను మోసుకొచ్చి వదిలితే ఏర్పడే పొడి అది. నీళ్ళు బయటినుంచి నెడుతుంటే లోపలి రంగు ఎన్నాళ్ళు ఆగుతుంది? మరుసటి ఏడు పొక్కులు పొక్కి పెచ్చులుగా ఊడింది. నాకు బుద్ధి రాలేదు. పిల్లలకి హోమ్ థియేటర్ అని డ్రైవాల్ (జిప్సం పలకల గోడ) కట్టించి, కింద కార్పెట్ పరిపించాను. క్రెడిట్ కార్డు మీద.

జూన్‌లో వాసన మొదలైంది. మా అమ్మ ఫోన్‌లో, "కిటికీలు తీసి గాలి ఆడనివ్వరా, అదే ఆరుతుంది" అంది. మా ఊళ్ళో అదే మందు మరి. తీసి, ఫ్యాను కూడా పెట్టాను. ఇక్కడ వేసవి గాలిలో తేమ ఎక్కువ, నేలలో ఉన్న కాంక్రీట్ చల్లగా ఉంటుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టినట్టు గోడలకి చెమట పట్టింది. అట్టపెట్టెలో ఉన్న కొలువు బొమ్మలు తీస్తే కొండపల్లి దశావతారాల సెట్టంతా బూడిదరంగు నూగు. తేలికపాటి పొణికి చెక్క కదా, తేమ పీల్చేసింది. మత్స్యావతారం తోక పట్టుకుంటే రంగు వేలికంటుకొచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కార్పెట్, డ్రైవాల్ పీకించడానికి మళ్ళీ డబ్బు. ఇంతా చేస్తే అసలు కారణం, పొద మాటున డౌన్‌స్పౌట్, అంటే చూరు నీళ్ళని కిందికి దింపే గొట్టం, దాని కింది మోచేయి ఊడిపోయి ఉంది. చూరు నీళ్ళన్నీ గోడ మొదట్లోనే దిగుతున్నాయి. 1,000 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే 600 గ్యాలన్ల పైమాటే. దాన్ని ఆపిన పైపు ముక్క ధర మా ఇంటిల్లిపాదీ ఒకసారి దోసెలు తినొచ్చే ఖర్చు కూడా కాదు.

కాబట్టి చూరు అంచున ఉండే గటర్‌లో ఆకులు తీయించండి, డౌన్‌స్పౌట్ నీళ్ళు గోడకి కనీసం 6 అడుగుల దూరం పోయేలా పైపు పొడిగించండి. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలైనా కిందికి వాలాలి. పాత ఇళ్ళలో మట్టి కుంగి ఇంటివైపే వాలి ఉంటుంది, మట్టి పోయించి సర్దించండి. తడి గోడ మీద అల్యూమినియం ఫాయిల్ ముక్కని నాలుగువైపులా టేపుతో అతికించి, ఒకటి రెండు రోజుల తర్వాత చూడండి. ఫాయిల్ పైన తడి ఉంటే గాలి తేమ, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్‌తో పోతుంది. గోడవైపు తడి ఉంటే బయటినుంచి ఊట. గాలిలో తేమ 60 శాతం దాటనివ్వకండి, 50 లోపుంటే మరీ మంచిది. డీహ్యూమిడిఫయర్ బకెట్ ఎవరు పారబోస్తారని ఇంట్లో గొడవలొద్దు, గొట్టాన్ని సంప్ గుంటలోకి (బేస్‌మెంట్ నేలలో నీళ్ళు చేరే గుంట) వదిలేయండి.

ఆ నీళ్ళని బయటికి తోడే సంప్ పంపు ఉంటే గుంటలో బకెట్ నీళ్ళు పోసి, అది తిరుగుతోందో లేదో చూసుకోండి. గాలివానకి కరెంటు పోవడం, పంపు అవసరం పడటం ఒకేసారి జరుగుతాయి. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుపాను వాన కురిసిన రాత్రి మా వీధిలో చాలా బేస్‌మెంట్లు మునిగాయి. మాది పొడిగానే ఉంది, బ్యాటరీ బ్యాకప్ పుణ్యమాని. అది కొన్నప్పుడు నన్ను వెక్కిరించినవాళ్ళే మర్నాడు నీళ్ళు పీల్చే షాప్ వ్యాక్ అప్పడిగారు.

బేస్‌మెంట్ బదులు క్రాల్ స్పేస్ (ఇంటి కింద పాకుతూ వెళ్ళేంత ఎత్తే ఉండే ఖాళీ) ఉన్నవాళ్ళు మట్టి నేలంతా 6 మిల్ మందం పాలిథిన్ షీట్ పరిచి, అతుకులు ఒకదానిమీదొకటి వచ్చేలా టేపు వేయించుకోండి.

మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదనీళ్ళకి వర్తించదు. సంప్ పొంగితే ఇచ్చే కవరేజీ కూడా విడిగా కలుపుకోవాలి. ప్రభుత్వ వరద పాలసీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకొస్తుంది, బేస్‌మెంట్‌లో సోఫాలకీ కార్పెట్‌కీ అది ఇవ్వదు. ఇలాంటి పనులకి పర్మిట్ల సంగతి టౌన్‌షిప్‌లో అడగండి. 2024 మార్చి నుంచి న్యూజెర్సీలో ఇల్లమ్మేవాళ్ళు వరద వివరాలు రాసివ్వాలి, మీ కాగితాల్లో ఏమని రాశారో చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా రెండు మూడు రోజుల వానకి నేలా గోడా కలిసేచోట నీళ్ళు ఉబికొస్తుంటే, అప్పుడు డ్రెయిన్ గురించి ఆలోచించవచ్చు. గోడ లోపలికి ఉబ్బినా, అడ్డంగా పగిలినా మాత్రం ఆలస్యం వద్దు, ఏమీ అమ్మని ఇంజినీరుకి ఫీజిచ్చి చూపించండి. ఈలోగా సోనామసూరి బస్తాలు కింద నేలమీద ఉంటే పైకి తెచ్చేయండి, ముక్కిన బియ్యానికి ఎవరూ డబ్బు తిరిగివ్వరు.