పాత బ్యాడ్జీ, కొత్త యూనిఫాం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బావ ఆర్మీలో పారా బెటాలియన్‌లో చేసి, పెన్షన్ మీద ఇంటికొచ్చి, ఎక్స్‌సర్వీస్‌మన్ కోటాలో పోలీసు ఉద్యోగంలో చేరాడు. మొన్న పరేడ్‌కి ఖాకీ చొక్కా మీద రిబ్బన్ల వరస, పారా వింగ్స్ (పారాచూట్‌తో దూకడం నేర్చినవాళ్లకి ఇచ్చే రెక్కల గుర్తు), పాత రెజిమెంట్ బ్యాడ్జీ మూడూ పెట్టుకుని వెళ్తే, రిబ్బన్లు ఉంచుకుని మిగతా రెండూ తీసెయ్యమన్నారట, అదీ అందరి ముందూ. విమానంలోంచి దూకింది ఆయనే కదండీ, ఇంకెవరో కాదు కదా! అప్పట్నుంచి ఇంట్లో సరిగ్గా అన్నం తినడం లేదు, అక్క నామీద పడుతోంది ఏదో ఒకటి కనుక్కోమని. ఇది అవమానం కాదా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అందరి ముందూ చెప్పడం బాగాలేదు బాబూ, పక్కకి పిలిచి చెప్పాల్సింది. కానీ చెప్పిన మాట మాత్రం సబబైనదే. మీ బావగారు పెట్టుకున్న మూడూ ఒకే చొక్కా మీద ఉన్నా మూడింటి లెక్కా వేరు.

ముందు రిబ్బన్లు. ఒక్కో రిబ్బన్ ఒక్కో మెడల్‌కి గుర్తు. మెడల్ అనేది మనిషికి ఇచ్చేది. తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్, ఇరవై ఏళ్లది, సైన్య సేవ, హై ఆల్టిట్యూడ్, సియాచిన్, ఇవన్నీ ఆ మనిషి చేసిన సర్వీసుకి దేశం ఇచ్చినవి. మెడల్ తీసి అంచు చూడమనండి, సన్నటి అక్షరాల్లో ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి. అందుకే ఆయన పోలీసులో చేరినా రిబ్బన్ ఆయన వెంటే వస్తుంది, రేపు రిటైరై మామూలు కోటు వేసుకున్నా దాని మీద మెడల్ పెట్టుకోవచ్చు. రెజిమెంట్ బ్యాడ్జీ అలా కాదు. నేను ఇప్పుడు ఫలానా రెజిమెంట్‌లో ఉన్నాను అని చూసేవాళ్లకి చెప్పడమే దాని పని, ఆయన ఇప్పుడు అక్కడ లేరు. ఆడపిల్ల పుట్టింటి బంగారం అత్తారింటికి తెచ్చుకుంటుంది, ఇంటిపేరు మాత్రం అక్కడే వదిలేసి వస్తుంది, ఇదీ అంతే.

ఒక్క సర్వీసు లోపల కూడా ఈ పట్టింపు ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి ఆర్మీలో బ్రిగేడియర్, ఆ పై ర్యాంకుల వాళ్లందరికీ ఒకే రకం టోపీ, ఒకే రకం బెల్టు బకిల్, ఒకే రకం బూట్లు అన్నారు, భుజం మీద వేలాడే లాన్యార్డ్ అనే తాడు కూడా తీసేశారు. కుర్రతనం నుంచీ ఏ రెజిమెంట్ గుర్తు పెట్టుకుని యుద్ధానికైనా సిద్ధపడ్డారో ఆ గుర్తుని జనరల్ స్థాయి వాళ్లే తీసి పక్కన పెట్టారు. మీ బావగారికి ఈ ముక్క చెప్పండి, కాస్త మనసు కుదుటపడుతుంది.

ఇక అసలు చిక్కు వింగ్స్‌తోనే. అది మెడల్ కాదు, రెజిమెంట్ గుర్తూ కాదు, ఒక విద్య నేర్చుకుని పాసయ్యానని చెప్పే గుర్తు. పైగా మన దేశంలో పారాచూట్ దూకడం నేర్పే స్కూలు ఆగ్రాలో ఉంది, దాన్ని నడిపేది ఎయిర్‌ఫోర్స్, అక్కడికి ఆర్మీ వాళ్లూ నేవీ వాళ్లూ అందరూ వెళ్లి దూకుతారు. అంటే ఒక సర్వీసు నేర్పిన విద్యని ఇంకో సర్వీసు చొక్కా మీద చూపించుకోవడం మనకి కొత్తేమీ కాదు. హైదరాబాద్ దగ్గర దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్‌లో నేవీ, కోస్ట్‌గార్డ్ కుర్రాళ్లు కూడా వింగ్స్ అందుకుంటారు, అందుకున్నంత మాత్రాన ఎయిర్‌ఫోర్స్ వాళ్లయిపోరు, వెనక్కి వెళ్లి తమ తెల్ల యూనిఫాం మీద తమ సర్వీసు రూలు ప్రకారమే పెట్టుకుంటారు.

బయటి దేశాల్లోనూ తలా ఒక పద్ధతి. బ్రిటన్‌లో మెరైన్ల (నేవీకి చెందిన సైనికుల) కమాండో కోర్సు పాసైన ఆర్మీ వాడు ఆకుపచ్చ బెరే టోపీ పెట్టుకుంటాడు, చేతి మీద కత్తి గుర్తు కుట్టించుకుంటాడు, కానీ టోపీ మీద క్యాప్ బ్యాడ్జీ మాత్రం తన సొంత ఆర్టిలరీదో ఇంజనీర్లదో ఉంటుంది. నాకు ఈ పద్ధతే ముచ్చటగా ఉంటుంది, ఎవడు ఏం నేర్చుకున్నాడో ఎవడు ఎక్కడివాడో రెండూ ఒక్క చూపులో తెలిసిపోతాయి. అమెరికాలో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఒకే పారాచూట్ బ్యాడ్జీ వాడతాయి. నేవీ, మెరైన్లకి మాత్రం బంగారు రంగులో వేరే వింగ్స్ ఉన్నాయి, ఆర్మీ స్కూల్లో కోర్సు చేసి వచ్చిన నేవీ వాడు ముందు వెండి రంగువే పెట్టుకుని, ఇంకొన్ని జంపులు చేశాకే బంగారువి అందుకుంటాడు. ఆర్మీ రేంజర్ స్కూలు పాసైన మెరైన్ అయితే ఆ కోర్సుకి గుర్తుగా ఇచ్చే రేంజర్ ట్యాబ్ అనే గుడ్డ పట్టీని తన యూనిఫాం మీద కుట్టించుకోనే కుట్టించుకోడు, వాళ్ల రూలు ఒప్పుకోదు. ఆ కోర్సు ఎంత కష్టమో తెలిసి కూడా ఒప్పుకోదు!

ఇన్ని చెప్పింది ఎందుకంటే, దూకింది ఎవరు, నేర్పింది ఎవరు అన్నది ఎక్కడా లెక్క కాదు. ఇప్పుడు వేసుకున్న యూనిఫాం ఎవరిదో వాళ్ల రూలు పుస్తకంలో దానికి చోటుందా లేదా అన్నదే లెక్క. కాబట్టి మీ బావగారు చేయాల్సిన పని అలగడం కాదు. ఆర్మీ డిశ్చార్జి బుక్‌లో పారా కోర్సు ఎంట్రీ ఉన్న పేజీ జిరాక్స్ తీయించి, జిల్లా పోలీసు రిజర్వ్ ఆఫీసులో రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ద్వారా ఎస్పీగారికి అర్జీ పెట్టాలి. నోటిమాట వద్దు, అనుమతి ఇస్తామన్నా ఇవ్వమన్నా కాగితం మీదే రావాలి, ఎందుకంటే రేపు ఇంకో అధికారి వస్తే మళ్లీ ఇదే గొడవ. ఒప్పుకోకపోతే జనవరి 14న మాజీ సైనికుల దినం ఉంది కదా, ఆ రోజు సెలవు దొరికితే కోటు వేసుకుని మెడల్స్ అన్నీ పెట్టుకుని వెళ్లమనండి, అక్కడ తీసెయ్యమనే వాడు ఎవడూ ఉండడు.

ప్రశ్న: మా మేనల్లుడు బరంపురంలో ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో గార్డు. ఎక్కడ కొన్నాడో ఏమో ఆర్మీ రంగు చారల చొక్కా, దాని మీద కమాండో బ్యాడ్జీ. వాళ్ల ఓనరే కస్టమర్లు భయపడతారని వేసుకోమన్నాడట. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: టెన్షన్ పడాల్సిందే అమ్మా. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో చేసిన చట్టం ఉంది. దాని ప్రకారం గార్డు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, పోలీసు యూనిఫాం వేసుకున్నా, వాటిలా కనిపించే బట్టలు వేసుకున్నా, ఆ యూనిఫాం ప్రత్యేక గుర్తులు పెట్టుకున్నా ఏడాది దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష గార్డుకే కాదు, ఏజెన్సీ యజమానికి కూడా. ఓనరుకి ఈ రెండో ముక్క చదివి వినిపిస్తే చాలు, రేపే కొత్త చొక్కా కుట్టిస్తాడు.

ఇది కాక, సైనికుడు కానివాడు సైనికుడని జనం నమ్మాలనే ఉద్దేశంతో ఆ బట్టలు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో ఇదే 140. మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. 2016లో పఠాన్‌కోట్ దాడి అయ్యాక ఆర్మీయే జనానికి విజ్ఞప్తి చేసింది, మా బట్టలు కొనొద్దు, వేసుకోవద్దు, దుకాణాల వాళ్లు అమ్మొద్దు అని. 2022లో తెచ్చిన కొత్త డిజైన్‌నయితే తమ పేర రిజిస్టర్ కూడా చేయించుకుంది. పైగా మీ ఊరికి కూతవేటు దూరంలో గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, సాయంత్రమైతే బజారంతా అసలు సిసలు జవాన్లే. వాళ్లలో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి ఏ యూనిట్ అని అడిగితే మీవాడు ఏం చెప్తాడు?

ప్రశ్న: మా నాన్నగారు ఆర్మీలో చేసి పోయారు. అన్నయ్య నేవీలో ఉన్నాడు. నాన్న మెడల్స్ అన్నయ్య తన యూనిఫాం మీద పెట్టుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, గుణుపురం

జవాబు: యూనిఫాం మీద కుదరదు తల్లీ. అక్కడ అన్నయ్య సొంతంగా సంపాదించినవే ఉండాలి, అవి ఎడమవైపు ఉంటాయి. యుద్ధ స్మారకాల దగ్గర నివాళికో, అంత్యక్రియలకో వెళ్లినప్పుడు ఇంటివాళ్లు నాన్నగారి మెడల్స్ కుడివైపు పెట్టుకోవచ్చని ఆర్మీ చెప్పింది. మామూలు బట్టల మీద మీరూ పెట్టుకోవచ్చు, అన్నయ్యే పెట్టుకోవాలని లేదు.

ప్రశ్న: ధోనీ ఆర్మీలో లెఫ్టినెంట్ కల్నలే కదా, మరి ప్రపంచకప్‌లో గ్లవ్స్ మీద ఉన్న ఆర్మీ గుర్తు ఎందుకు తీయించారు?
– ఒక అభిమాని, రాయగడ

జవాబు: గౌరవ హోదా నిజమే, 2011లో టెరిటోరియల్ ఆర్మీ ఇచ్చింది, 2015లో ఆగ్రాలో జంపులు కూడా చేశాడు. అయినా 2019 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మ్యాచ్‌లో వేసుకున్నవి క్రికెట్ గ్లవ్స్, వాటి మీద ఏం ఉండాలో చెప్పేది ఐసీసీ. సొంత గుర్తులకి వాళ్ల రూలు ఒప్పుకోదు. మన బోర్డు అడిగినా ఐసీసీ కాదంది, తర్వాతి మ్యాచ్‌కి గుర్తు లేదు. పర్లాకిమిడి బావగారికి ఇది కూడా చెప్పొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఎన్‌సీసీ తరఫున ఆగ్రా వెళ్లి పారాచూట్ దూకి వింగ్స్ తెచ్చుకున్నాడు. నేవీకి సెలెక్ట్ అయితే అక్కడా పెట్టుకోనిస్తారా?
– ఒక తండ్రి, కాశీనగర్

జవాబు: శభాష్ అనండి ముందు. ఎన్‌సీసీ యూనిఫాం మీద దర్జాగా పెట్టుకోమనండి. చిలికాలో నేవీ ట్రైనింగ్‌కి వెళ్లాక మాత్రం వాళ్లు ఇచ్చినవే వేసుకోవాలి, వాళ్లు చెప్పినవే పెట్టుకోవాలి, అక్కడికి వెళ్లి ఇన్‌స్ట్రక్టర్‌తో వాదన పెట్టుకోవద్దని గట్టిగా చెప్పి పంపండి. వింగ్స్ కన్నా జాగ్రత్తగా దాచాల్సింది ఎన్‌సీసీ పరీక్ష పాసైతే ఇచ్చే సి సర్టిఫికెట్. దాంతో ఆర్మీలో ఆఫీసర్ పోస్టులకి రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి వెళ్లే ఎన్‌సీసీ ఎంట్రీ ఉంది, డిగ్రీతో పాటు అందులో కనీసం బి గ్రేడ్ ఉండాలి. ఆ పరీక్ష రాశాడో లేదో ఇవాళే అడగండి.