ముందు డ్రెయిన్, తర్వాతే పంపు

చేపల తొట్టి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఏంజెల్ చేపలు, వాలిస్నేరియా మొక్కలు ఉన్నాయి. కింద క్యాబినెట్‌లో సంపు (పైతొట్టి నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి) పెట్టించాను. షాపులో గంటకు 4000 లీటర్ల పంపు ఇచ్చారు. నీళ్లు సంపులోకి దిగే డ్రెయిన్ మాత్రం అంగుళం పైపు ఒక్కటే. గడగడమని ఒకటే చప్పుడు. నిద్ర పట్టడం లేదంటే ఆ పైపుకి బాల్ వాల్వ్ బిగించి, 'పంపుకి సమానంగా తిప్పుకోండి, చప్పుడు పోతుంది' అన్నారు. నిజంగానే పోతోంది, కానీ కొన్ని గంటలకే తొట్టిలో నీళ్లు అంచు దాకా వస్తున్నాయి, లేదంటే మళ్లీ గడగడ మొదలవుతోంది. మొన్న కరెంటు పోయినప్పుడైతే సంపు పొంగి హాలంతా నీళ్లు. పంపు మార్చాలా, పైపు మార్చాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందుగా ఆ బాల్ వాల్వ్ తీసేయండి. ఇవాళే తీసేయండి. ఒక్కటే డ్రెయిన్ ఉన్న తొట్టికి ఆ పైపు మీద వాల్వ్ ఉండనే కూడదు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది చప్పుడు కాదు, ఈ వాల్వే.

పంపునీ డ్రెయిన్‌నీ సమానం చేసి వదిలేయడం ఎందుకు కుదరదో చెప్తాను. మన ఊరి చెరువుకి అలుగు ఉంటుంది, తూము ఉంటుంది. వాన ఎక్కువైతే అలుగు మీద నీళ్లు దానంతట అదే మందంగా పారతాయి, తగ్గితే పలచబడతాయి. ఎవరూ వెళ్లి తిప్పక్కర్లేదు. తూము అలా కాదు, ఎంత తెరిస్తే అంతే. పైపులో సగం నీళ్లు, సగం గాలి ఉండి పారుతున్నప్పుడు మీ డ్రెయిన్ అలుగులా పనిచేస్తుంది. వాల్వ్ బిగించి గాలి లేకుండా నిండుగా పారేట్టు చేయగానే తూము అయిపోతుంది. అందుకే చప్పుడు ఆగింది. సర్దుకునే గుణం కూడా దాంతోపాటే పోయింది.

అంకెల్లో చూద్దాం. ఓవర్‌ఫ్లో బాక్సు (తొట్టి పైమట్టం నీళ్లు దువ్వెన లాంటి పళ్ల మధ్య నుంచి పొర్లి పడే డబ్బా) నుంచి సంపు దాకా నీళ్లు దాదాపు మీటరు కిందికి దిగుతాయి. పైన మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే, నిండుగా పారే పైపులో వేగం పెరిగేది అర శాతమే. మీ పంపు నిజంగా పైకి చేర్చే గంటకు 2000 లీటర్లలో (ఈ లెక్క కింద చెప్తాను) అది పది లీటర్లు. అదే పైపు వంపులో ఒక నత్త చేరి దారి కాస్త ఇరుకైందనుకోండి, గంటకు 60 లీటర్లు వెనకబడుతుంది. మీ తొట్టిలో సెంటీమీటరు ఎత్తుకి 5.4 లీటర్లు పడతాయి (120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు). గంటకు 60 లీటర్లు మిగిలిపోతే మూడు సెంటీమీటర్లు ఎక్కడానికి పావుగంట చాలు. వాల్వ్‌ని ఎంత ఓపికగా తిప్పినా ఈ తేడా రాకుండా ఆపలేరు. రాలిన వాలిస్నేరియా ఆకు ఒకటి బాక్సు దువ్వెన పళ్లకి అడ్డం పడినా చాలు. ఆ ఆకులు పొడుగ్గా, రిబ్బన్‌లా ఉండి సరిగ్గా అక్కడే చుట్టుకుంటాయి. రోజూ ఒకసారి వేలితో తీసేస్తూ ఉండండి.

ఇక పంపు. డబ్బా మీద రాసిన 4000 లీటర్లు ఎత్తు అసలు లేనప్పటి లెక్క. మీ సంపు నీటిమట్టం నుంచి తొట్టి పైఅంచు దాకా 110, 120 సెంటీమీటర్లు ఉంటుంది. అదే డబ్బా మీద 'గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు' అని ఉంటే, ఆ ఎత్తులో పంపు ఇచ్చేది సున్నా అని అర్థం. మీ ఎత్తుకి, మధ్యలో ఉన్న ఎల్‌బోలకి పోను, పైకి చేరేది ఇంచుమించు సగం. ఊహించుకోవడం ఎందుకు, కొలిచేయండి. రిటర్న్ పైపు (పంపు నుంచి తొట్టిలోకి నీళ్లు ఎక్కే పైపు) మూతిని తొట్టి అంచు ఎత్తులోనే పట్టుకుని పది లీటర్ల బకెట్‌లోకి వదలండి. ఫోన్‌లో సెకన్లు చూడండి. 18 సెకన్లలో నిండితే గంటకు 2000 లీటర్లు, 30 సెకన్లయితే 1200. బకెట్‌ని నేల మీద పెట్టి కొలవకండి, ఎత్తు తగ్గితే అంకె పెరిగిపోతుంది.

మీకు కావలసింది ఆ 1200. తొట్టి లెక్కకు 340 లీటర్లయినా ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా అసలు నీళ్లు 300కి మించవు. ఏంజెల్స్ ఉన్న మంచినీళ్ల తొట్టికి గంటకు మూడు నాలుగు సార్లు నీళ్లు సంపులోంచి తిరిగితే బాగా సరిపోతుంది. గాలితో కలిసి పారే అంగుళం పైపు పెద్దగా చప్పుడు లేకుండా మోసేది కూడా వెయ్యి, పన్నెండు వందల దగ్గరే. అంటే మీ డ్రెయిన్‌లో తప్పేమీ లేదు, దాని మీదికి తోసిన నీళ్లే ఎక్కువ. డ్రెయిన్ ఎంత మోయగలదో చూసుకుని పంపు కొనాలి. షాపుల్లో వరస తిరగబడి, ముందు పంపు చేతిలో పెట్టి తర్వాత పైపు సంగతి చూస్తున్నారు.

కొత్త పంపు కొనక్కర్లేదు. డ్రెయిన్ నుంచి తీసిన వాల్వ్‌ని రిటర్న్ పైపుకి, అంటే పంపు నీళ్లు బయటికి తోసే వైపుకి బిగించండి. ఈ రకం పంపులకి బయటి వైపు కొంచెం బిగిస్తే నష్టం లేదు. పీల్చుకునే వైపు మాత్రం ఎప్పుడూ బిగించకూడదు. బకెట్ నిండడానికి 30 సెకన్లు పట్టేదాకా మూసుకుంటూ రండి. ఓవర్‌ఫ్లో బాక్సులో నిలబెట్టిన పైపు పైన ఒక టీ (T ఆకారపు జాయింటు) పెట్టి, దాని పై మూతికి ఎండ్ క్యాప్ వేసి, క్యాప్‌కి సన్న రంధ్రం చేయండి. డర్సో పైపు అనేది దీన్నే. గాలి ఆ రంధ్రంలోంచి నిదానంగా లోపలికి పోతుంది, గడగడ అణుగుతుంది. కింద సంపులో డ్రెయిన్ మూతి నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లే మునగాలి. లోతుగా దించితే గాలి బయటికి రాలేక పైపు ఉండుండి కక్కుతుంది.

వరద సంగతికి వస్తే, అది డ్రెయిన్ వల్ల వచ్చింది కాదు. మీ రిటర్న్ మూతి నీళ్లలో ఏడు సెంటీమీటర్ల లోతున ఉందని ఉత్తరంతో పంపిన బొమ్మలో గీశారు. పంపు ఆగగానే ఆ పైపే సైఫన్ అయి, మూతి గాలిలోకి తేలేదాకా తొట్టి నీళ్లని వెనక్కి లాగేస్తుంది. ఏడు సెంటీమీటర్లంటే 38 లీటర్లు. బాక్సులో, పైపుల్లో ఉన్నవి ఇంకో నాలుగు. మీ సంపు 75 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, అంచు కింద పది సెంటీమీటర్లు ఖాళీ. అందులో పట్టేది 26 లీటర్లే. మిగతా 16 లీటర్లే హాల్లోకి వచ్చాయి.

మూతిని రెండు సెంటీమీటర్ల లోతుకి ఎత్తండి. అప్పుడు దిగేది పైపుల్లోవి కలుపుకుని పదిహేను, పదహారు లీటర్లు. సంపులో ఆరు సెంటీమీటర్లు లేస్తుంది, అంతే. చాలామంది పైపుకి నీటిమట్టం దగ్గర సైఫన్ తెగేందుకు సన్న రంధ్రం చేస్తారు. చేయండి, కానీ దాన్నే నమ్ముకోకండి. నాచు పట్టి మూసుకుపోతుంది. వారానికోసారి అగరొత్తి పుల్లతో పొడవాలి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ మీద నాకు నమ్మకం ఇంకా తక్కువ. మన బోరు నీళ్లకి లోపలి రేకు మీద తెల్లటి పొర కట్టి అది సరిగ్గా మూసుకోదు. ఇవేవీ పనిచేయకపోయినా సంపు నీళ్లన్నిటినీ పట్టుకోగలగాలి. ఆ లెక్క వేసుకుంటేనే రాత్రి టెన్షన్ లేకుండా పడుకోగలరు.

ఇందుకు తేలిక పద్ధతి ఒకటుంది. పంపు ఆపండి. పైనుంచి దిగాల్సిన నీళ్లన్నీ దిగనివ్వండి. అప్పుడు సంపు అంచుకి మూడు సెంటీమీటర్ల కింది దాకా నీళ్లు నింపి పంపు వేయండి. కాసేపటికి పంపు గదిలో (సంపులో అడ్డు గోడల మధ్య పంపు ఉన్న భాగంలో) మట్టం ఎక్కడ నిలబడిందో అక్కడ టేపు అంటించండి. ఆ గీత పైకి ఇంట్లో ఎవరూ నీళ్లు పోయకూడదు. వేసవిలో ఆవిరయ్యే నీళ్ల తరుగు కూడా ఆ గదిలోనే కనిపిస్తుంది, తొట్టిలో మట్టం కదలదు. రోజూ ఆ గీత దాకా పోసుకుంటే చాలు.

ఇంకొక్క పరీక్ష, మీరు పక్కనే నిలబడి చేయాలి. డ్రెయిన్ మూతిలో గుడ్డ కుక్కి పంపు నడవనివ్వండి. అడ్డు గోడలు ఉన్నాయి కాబట్టి పంపు తోడేది తన గదిలో నీళ్లనే. మీ పంపు గది 25 బై 35. ఇప్పుడున్నట్టు 30 సెంటీమీటర్ల నీళ్లుంటే, పంపు గాలి పీల్చేలోపు 22 లీటర్లు పైకి పోతాయి. తొట్టిలో అది నాలుగు సెంటీమీటర్లు. పైన మీరు వదిలింది మూడే. మట్టం 20కి తగ్గించండి. అప్పుడు పోయేది 13 లీటర్లు, రెండున్నర సెంటీమీటర్ల లోపు. ఇదే మార్పు కరెంటు పోయినప్పుడు కూడా అక్కరకొస్తుంది.

ఎప్పుడైనా కొత్త తొట్టి చేయించుకుంటే గాజుకి రెండు రంధ్రాలు పెట్టించండి. ఒకదానికి గేట్ వాల్వ్ వేసి నిండుగా పారించవచ్చు. సన్నగా సర్దడానికి బాల్ వాల్వ్ పనికిరాదు, గేట్ వాల్వే కావాలి. రెండోది ఒకటిన్నర అంగుళం పైపు, కొంచెం ఎత్తులో, వాల్వ్ లేకుండా. మొదటిది మోయలేని కాస్త నీళ్లు ఎప్పుడూ వేలి మందాన అందులోకి దిగుతుండాలి. హెచ్చుతగ్గులు అదే సర్దుకుంటుంది. మొదటిది పూర్తిగా మూసుకుపోతే మొత్తం బరువు అదే మోస్తుంది.

ప్రశ్న: మాది సముద్రపు నీళ్ల తొట్టి. గంటకు పదిసార్లు సంపులోంచి తిరగాలని, ఇంకా పెద్ద పంపు వేయమని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పగడాలకి నీళ్ల కదలిక కావాలి, అందులో సందేహం లేదు. ఆ కదలికని తొట్టిలోనే వేవ్‌మేకర్‌తో (నీళ్లని అక్కడికక్కడే తోసే చిన్న పంపు) ఇవ్వండి. అదే పనిని సంపు పంపుతో చేయించాలంటే నీళ్లని మీటరు ఎత్తు మోయించి మరీ తిప్పుతున్నట్టు. సంపులోంచి మూడు నుంచి ఐదు సార్లు చాలు. ఇంకో సంగతి, నీళ్లలో మునిగి ఉన్న పంపు తాగే కరెంటంతా చివరికి వేడిగా మారి దాదాపు మీ తొట్టిలోకే వస్తుంది. 60 వాట్ల పంపు నెలంతా తిరిగితే 43 యూనిట్లు, 25 వాట్లదైతే 18. మే నెలలో ఆ వేడిని దించడానికి చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) మళ్లీ వేరే కరెంటు తాగుతుంది.

ప్రశ్న: కరెంటు వచ్చాక పంపు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, నీళ్లు మాత్రం ఎక్కడం లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పంపు బుర్రలో గాలి ఇరుక్కుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పంపుని నీళ్లలోనే పక్కకి వంచి బుడగలు బయటికి పోయేదాకా కదిలించండి, తర్వాత వేయండి. తరచూ అవుతుంటే మీ పంపు గదిలో నీళ్లు తక్కువున్నాయని అర్థం. మొదటి జవాబులో చెప్పిన టేపు గీత దాకా పోయండి. ప్లగ్‌కి వెళ్లే వైరు ఒకచోట కిందికి వేలాడేట్టు వదలండి. వైరు వెంట జారిన నీళ్లు అక్కడే కింద పడిపోతాయి, సాకెట్ దాకా రావు.