నారు పోయండి గానీ గంటకోసారి చూడకండి

అమ్మాయ్, నీ ఉత్తరంలో ప్రశ్నలు రెండు. విత్తనాలు సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా అన్నదానికి జవాబు చిన్నది. దేశానికో నియమం. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడిగే చోట్లూ ఉన్నాయి. నువ్వున్న దేశపు వ్యవసాయ శాఖ వెబ్‌సైటులో చూసుకో. విమానాశ్రయంలో మాత్రం దాచకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇక రెండోది. కిటికీ దగ్గర పెట్టిన టమాటా మొలకలు మొలిచినట్టే మొలిచి వాలిపోతున్నాయన్నావు. రోజుకి ఎన్నిసార్లు నీళ్లు పోస్తున్నావో రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు, ఆ పని నేనూ చేసినదాన్నే.

నేను ఈ దేశం వచ్చిన మొదటి శీతాకాలం. ఆయన చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చేవారు. మధ్యలో నాతో ఒక్క మాట మాట్లాడే ప్రాణి లేదు. ఊసుపోక ఓ ట్రే కొని, పాత కుండీలోని మట్టి దాంట్లో నింపి, టమాటా, మిరప, వంగ, సొర అన్నీ ఒకేరోజు పెట్టేశాను. ఇక చూడు! పొద్దున మూత ఎత్తి చూడటం, మధ్యాహ్నం మూత ఎత్తి చూడటం, సాయంత్రం పుల్లతో మట్టి కెలికి గింజ పగిలిందా లేదా అని చూడటం. చూసినప్పుడల్లా ఓ గ్లాసు నీళ్లు. మిరప గింజ వెచ్చటి చోట ఉంటేనే పది రోజులు పడుతుంది. చల్లటి కిటికీ గట్టు మీద మూడు వారాలైనా ఉలకదు, పలకదు. అసలే పలికేవాళ్లు లేని ఇంట్లో అదొకటి.

టమాటా మాత్రం వారంలో వచ్చింది. మెడలు వంచుకుని మట్టిని పైకి తోసుకొస్తుంటే ఫోన్‌లో అమ్మకి గంటసేపు వర్ణించాను. నాలుగో రోజు లేచి చూస్తే సగం పడుకుని ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. మట్టికి ఆనుకున్నచోట కాండం మాత్రం నానిన దారంలా సన్నబడి ఉంది. దాన్నే నారుకుళ్ళు అంటారు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజుజాతి సూక్ష్మజీవులు తడి మట్టిలో, గాలి ఆడని చోట లేత కాండాన్ని పట్టుకుంటాయి. వాలిన మొక్క మళ్లీ లేవదు. తీసి పారెయ్, మిగతావాటికి నీళ్లు తగ్గించు. ఈసారి పాత మట్టి వాడకు, నారు కోసం అమ్మే కొత్త మిశ్రమం తెచ్చుకో. మొలకలు కనిపించగానే మూత తీసెయ్. నీళ్లు ట్రే అడుగున పోసి పీల్చుకోనివ్వు, అరగంటకి మిగిలినవి వంపెయ్. మళ్లీ పోసేది పైమట్టి ఆరాకే.

మిగిలిన ఆరూ వెలుతురు కోసం జానెడు సాగి, పీలగా కిటికీ అద్దానికి ఒరిగాయి. చలి దేశంలో శీతాకాలపు కిటికీ వెలుగు సరిపోదు. మొలకలకు నాలుగైదు అంగుళాల ఎత్తున ఎల్‌ఈడీ లైటు రోజుకి 14 నుంచి 16 గంటలు వెలగాలి. ఇంకో తప్పు, తొందర. మొక్కల్ని మాడ్చే గడ్డకట్టే చలి (ఫ్రాస్ట్) మీ ఊళ్లో ఆఖరిసారి ఎప్పుడుంటుందో కనుక్కుని, దానికి 6 నుంచి 8 వారాల ముందు టమాటా, 8 నుంచి 10 వారాల ముందు మిరప, వంగ వేసుకోవాలి. సొర, దోస 3, 4 వారాలు చాలు, వాటికి వేళ్లు కదిలితే గిట్టదు. సాగిన టమాటాలను నేను పారేయలేదులే, మెడదాకా లోతుగా నాటాను, కాండం పొడుగునా వేళ్లొచ్చాయి. ఆ ఒక్క పని ఎవరూ చెప్పకుండానే సరిగా చేశాను.

అక్కడితో బుద్ధి రాలేదు. ఎండ వచ్చిందన్న సంబరంలో ట్రే మొత్తం బయట పెట్టి నిద్రపోయాను. సాయంత్రానికి ఆకులు తెల్లగా కాగితాల్లా అయ్యాయి. మొదటిరోజు నీడలో గంటసేపు, ఆపైన కొంచెం కొంచెంగా, వారం పది రోజులు అలవాటు చేయాలట. ఆ మాట చెప్పింది పక్కింటావిడ. తెల్లబడ్డ ట్రేని చూసి కంచె అవతల నుంచి నవ్వింది. అప్పటికి నేను వచ్చి ఏడు నెలలైనా నాకు ఆవిడ పేరు తెలియదు!

మరుసటి ఏడు కావాలనే ఎక్కువ నారు పోసి ఆవిడకి నాలుగు మొక్కలిచ్చాను. ఇవాళ మా వీధిలో ఎనిమిది ఇళ్లలో నా నారే పెరుగుతోంది. అంతా తప్పులు చేసి నేర్చుకున్నదే. ఇప్పుడొచ్చే మీకు ఫోన్‌లో అన్నీ దొరుకుతాయి, అయినా తప్పులు మాత్రం మా కాలంనాటివే చేస్తారు.

మళ్లీ గింజలు వేసేటప్పుడు నీకు కావలసినదానికి రెట్టింపు వెయ్. ఇంతకీ అంత పెద్ద ఉత్తరంలో మీ ఇంటి పక్కన ఎవరుంటారో ఒక్క ముక్క రాయలేదేం?