వితరణ, వైతరణి, ఆవు తోక

సందేహం: న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన గోడల మీద శాక్లర్ కుటుంబం పేరు తీసేసిన సంగతి ఒక తెలుగు వ్యాసంలో చదివాను. జనాన్ని వ్యసనంలోకి దించిన ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రలమ్మి సంపాదించినవాళ్లను అందులో 'వితరణశీలురు' అన్నారు. అనవచ్చా? 'రెప్యుటేషన్ లాండరింగ్'ను (దానాలిచ్చి చెడ్డపేరు పోగొట్టుకోవడాన్ని) 'ప్రతిష్ఠా ప్రక్షాళన' అని రాశారు. అంతకన్నా మంచి మాట లేదా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, వితరణ గురించి ఎవరైనా అడగకపోతారా అని చాన్నాళ్లుగా కాచుకుని ఉన్నాను.

ఇందులో ఉన్నది తౄ ధాతువు. దాటడం దాని అర్థం. తరించడం, తరణి (పడవ), అవతారం అన్నీ ఆ ఇంటి పిల్లలే. 'వి' చేరాక, మన చేతిలోది అవతలి చేతికి దాటించడం, అంటే ఇవ్వడం అయింది. తెలుగులో ఔదార్యంగా స్థిరపడింది. ఇప్పుడేమో ఎండాకాలం వస్తే 'మజ్జిగ వితరణ', గుళ్లో 'పులిహోర వితరణ'! ధాతువు ఒప్పుకుంటుంది గనుక తప్పనలేను గానీ, గ్లాసుడు మజ్జిగకు ఇంత మాటెందుకు? పంచారంటే చాలదూ?

అసలు కథ వైతరణిది. యమపురి దారిలో చీమూ నెత్తురూ పారే ఏరని గరుడపురాణం భయపెడుతుంది. వితరణం వల్ల, అంటే దానం వల్ల, దాటేది కాబట్టి వైతరణి అని పాత నిఘంటుకారుల వ్యుత్పత్తి. గోదానం చేసినవాడు ఆ ఆవు తోక పట్టుకుని ఆవలి గట్టుకు చేరతాడట. ఎంత పాపికైనా దారి ఉంది, ఆవొకటి ఇచ్చి ఉంటే. (ఒడిశాలో నిజంగానే వైతరణి అనే నది ఉంది. దానితో మనకిక్కడ పనిలేదు.)

మీ శాక్లర్లు పట్టుకున్నదీ ఆ తోకే. మ్యూజియంలో వాళ్ల పేరు పెట్టిన భాగంలో ఈజిప్టు నుంచి తెచ్చిన డెండూర్ గుడి ఉంది, దాని పక్కన నీటి మడుగు. 2018 మార్చిలో ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్, ఆవిడతో వచ్చినవాళ్లు ఆ నీళ్లలోకి నారింజ రంగు మందు డబ్బాలు విసిరి నిరసన తెలిపారు. డబ్బాలు తేలుతున్న ఆ ఫొటో చూస్తే నాకు వైతరణే కనబడింది. పేరు తీసింది 2021 డిసెంబరులో. వాళ్ల మందుల వ్యాపారం కోర్టులో మొదటిసారి నేరం ఒప్పుకున్నది 2007లో, రెండోసారి 2020లో. అంటే మొదటి ఒప్పుకోలు తర్వాత 14 ఏళ్లు పేరు గోడ మీదే ఉంది. తోక గట్టిదే! ముగ్గురు శాక్లర్ అన్నదమ్ముల్లో పెద్దాయన ఆర్థర్ ఆ మాత్ర బజారుకు రాకముందే, 1987లో పోయాడు పాపం. ఇంటిపేరు ఒకటే కనుక ఆయనదీ కలిసి పోయింది.

మనవాళ్లు దీన్ని ఒక్క ముక్కలో తేల్చారు: ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు. పురాణంలో ఆవునిస్తారు, సామెతలో ఆవే లేదు. ఇక తోకెక్కడిది?

కాబట్టి 'దాత' అనండి. ఇచ్చాడన్నంత వరకే ఆ మాటకు పూచీ. శీలమంటే స్వభావం కనుక 'వితరణశీలి' అని నేనైతే రాయను. అలాగైతే నిండు సభలో ద్రౌపదిని అన్ని మాటలన్న కర్ణుణ్ని దానశీలి అని ఎలా అంటున్నారు మాస్టారూ అని మీరడిగితే జవాబు చెప్పడం కష్టం. అందుకే ఒత్తి పలకను.

ఇక 'ప్రక్షాళన'. భారతం అరణ్యపర్వంలో శౌనకుడు ధర్మరాజుతో అంటాడు: ధర్మం చేయడానికని డబ్బు కోరేవాడు ఆ కోరికే మానుకోవడం మేలు, బురద కడుక్కోవడం కంటే దాన్ని ముట్టకపోవడం మేలు అని. కడుక్కోవడానికి అక్కడ వాడిన మాట ప్రక్షాళనమే. వ్యాసకర్త తెలిసి రాశాడో లేదో గానీ మాట సరైన చోటే పడింది. నోరు తిరగనివాళ్లు 'పేరు ఉతుక్కోవడం' అంటే సరి.